పాత బొలెరో పికప్‌లో ఇంజిన్ ఆయిల్ చూడటం, పోయడం: మొదటి నుంచి చివరి దాకా

"ఆయిల్ తగ్గింది, ఎంత పోయమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. కొందరు డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) ఫొటో కూడా పంపుతారు. ఆ ఫొటో ఒక్కటి చూసి లీటరా, అర లీటరా అని చెప్పడం కుదరదు. బండి ఎక్కడ నిలిపారు? ఇంజిన్ ఆపి ఎంతసేపైంది? వెనక లోడు ఉందా? పుల్లను ఒకసారి తుడిచి మళ్లీ పెట్టి తీశారా? ఇవి తెలియకపోతే ఆ పుల్ల మీద కనిపించే గీతకు అర్థం లేదు.

కాబట్టి ముందు సరిగ్గా చూడటం, ఆ తర్వాతే పోయడం. ఇక్కడ నేను చెప్పేది పదేళ్లు దాటిన మహీంద్రా బొలెరో పికప్ గురించి, అంటే 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న బండి గురించి. మన ఊళ్లలో బొలెరో ట్రాలీ అంటారు కదా, అదే. టాటా 207 లాంటి బండ్లకూ ఇదే వరస పనికొస్తుంది. టాటా ఏస్‌లో మాత్రం ఇంజిన్ సీటు కింద ఉంటుంది. బానెట్ బదులు సీటు ఎత్తాలి.

## 1. డబ్బా కొనే ముందు తెలుసుకోవాల్సినవి

బండితో వచ్చిన మాన్యువల్ ఉంటే అందులో మూడు విషయాలు చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఏ గ్రేడ్ ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి మొత్తం ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి మాన్యువల్ ఉండదు. అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్లో మోడల్, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి అడగండి. పక్క బండి డ్రైవర్ చెప్పిన లెక్క మీ బండికి పనికిరాకపోవచ్చు. ఒకే పేరుతో వచ్చిన బండ్లలోనే ఇంజిన్లు మారాయి.

ఈ తరగతి పాత డీజిల్ ఇంజిన్లలో ఎక్కువగా వాడేది 15డబ్ల్యూ-40. ముందున్న 15డబ్ల్యూ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. వెనకున్న 40, ఇంజిన్ కాగాక ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. రెంటచింతల ఎండల్లో లోడు లాగే బండికైనా ఈ గ్రేడ్ సరిపోతుంది.

డబ్బా మీద చూడాల్సిన రెండో గుర్తు ఏపీఐ, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఆయిల్ నాణ్యత గుర్తు. డీజిల్ ఇంజిన్ ఆయిల్‌కు అది 'సీ' అక్షరంతో మొదలవుతుంది: సీహెచ్-4, సీఐ-4 ఇలా. 'ఎస్'తో మాత్రమే ఉంటే అది పెట్రోలు ఇంజిన్ల కోసం చేసింది. డీజిల్ మండితే మసి ఎక్కువ. ఆ మసిని గడ్డ కట్టనివ్వకుండా పట్టి ఉంచే రసాయనాలు డీజిల్ ఆయిల్‌లో ఎక్కువగా కలుపుతారు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) బండ్ల సంగతి వేరు. వాటి సైలెన్సర్ వైపు మసి ఫిల్టర్ ఉంటే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాలి. పాత బండి కోసం కొన్న డబ్బాను అందులో పోయకండి.

కొనేటప్పుడు మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. నకిలీ ఆయిల్ పాత డబ్బాల్లోనే నింపి అమ్ముతారు. అందుకే ఖాళీ అయిన డబ్బాను పాత సామాన్ల వాళ్లకు వేసే ముందు కత్తితో కోసేయండి. లూజు ఆయిల్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

## 2. దగ్గర పెట్టుకునే సామాను

- నూలు పోగులు రాలని శుభ్రమైన బట్ట. పాత బనియన్ అయితే బాగుంటుంది. కాటన్ వేస్టు వద్దు, దాని పోగులు పుల్లతో పాటు లోపలికి పోతాయి.
- సన్నని మూతి ఉన్న గరాటు. ఇది ఆయిల్‌కు మాత్రమే వాడేదై ఉండాలి. డీజిల్, నీళ్లు పోసిన గరాటు వద్దు.
- గీతలు ఉన్న కొలత పాత్ర. అర లీటరు వాటర్ బాటిల్‌ను శుభ్రం చేసి, పూర్తిగా ఆరబెట్టి, పావు లీటరు దగ్గర మార్కర్‌తో గీత పెట్టుకున్నా చాలు.
- టార్చిలైటు.
- తెల్ల కాగితం ముక్క.
- చక్రాలకు అడ్డు పెట్టడానికి రెండు రాళ్లు లేదా కట్టెలు.
- చేతి గ్లోవ్స్.

మెడలో తువ్వాలు ఉంటే తీసి సీట్లో పెట్టండి. లుంగీతో ఉంటే పైకి బిగించి కట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా ఫ్యాన్, బెల్టు దగ్గర వేలాడే బట్ట ఉండకూడదు.

## 3. బండి ఎక్కడ, ఎలా నిలపాలి

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

చాంబర్ అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. తొట్టి ఒరిగితే ఆయిల్ ఒక పక్కకు చేరుతుంది, పుల్ల తప్పు లెక్క చూపిస్తుంది. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా లోడుతో వెళ్తూ, ఒకసారి ఘాటు రోడ్డు పక్కన వాలులో బండి ఆపి చూశాను. పుల్ల చివర కొంచెమే తడిసింది. భయపడి లీటరు డబ్బా మొత్తం పోశాను. మర్నాడు చదునైన చోట చూస్తే ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తు ఉంది. ఎక్కువైనది తీయడానికి అర పూట పట్టింది, కిరాయి పోయింది.

నేల చదునుగా ఉందో లేదో కంటికి తెలియదు. సగం నీళ్లున్న సీసాను నేల మీద పడుకోబెట్టి, అది దొర్లుతుందా, లోపల నీళ్లు ఒక పక్కకు పోతున్నాయా చూడండి. ముందు వెనకలకు ఒకసారి, అడ్డంగా ఒకసారి. పెట్రోలు బంకు ఆవరణ చదునుగా కనిపించినా, వాననీళ్లు పోవడానికి చాలాచోట్ల వాలు పెడతారు.

పికప్‌కు మాత్రమే ఉన్న ఇంకో సంగతి. వెనక కమాను పట్టీలు లోడు కోసం గట్టిగా ఉంటాయి. ఖాళీగా ఉంటే బండి వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది. టన్ను లోడు పడగానే వెనక దిగి ముందు భాగం కొంచెం లేస్తుంది. అంటే ఒకే చోట, ఒకే ఆయిల్‌కు, ఖాళీ బండిలో ఒక లెవెల్, లోడు బండిలో ఇంకో లెవెల్ కనిపించవచ్చు. ఎప్పుడూ ఖాళీ బండితోనే, ఒకే చోట చూడటం అలవాటు చేసుకుంటే ఈ తేడా రాదు.

ఎప్పుడు చూడాలి? నా సలహా, పొద్దున తాళం తిప్పక ముందే. రాత్రంతా ఆయిల్ చాంబర్లోకి దిగి ఉంటుంది, చేతులు కాలవు. ఇంజిన్ కాగాక చూడమని మీ మాన్యువల్లో ఉంటే అలాగే చేయండి, కానీ ఆపిన తర్వాత పది నిమిషాలు ఆగండి. ఆపిన వెంటనే చూస్తే ఇంజిన్ పైభాగంలో, ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాలు) దగ్గర ఉన్న ఆయిల్ ఇంకా దిగదు, లెవెల్ తక్కువ చూపిస్తుంది. తక్కువని పోస్తే ఎక్కువవుతుంది. చల్లగా చూసినా, వేడిగా చూసినా ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూడండి.

పుల్ల ముట్టుకునే ముందు:

- నేల చదునుగా ఉంది
- వెనక లోడు లేదు
- ఇంజిన్ ఆగి కనీసం పది నిమిషాలైంది
- హ్యాండ్ బ్రేకు వేశారు, గేరు న్యూట్రల్‌లో ఉంది
- చక్రాలకు అడ్డు పెట్టారు
- తాళం తీసి జేబులో వేసుకున్నారు

## 4. డిప్‌స్టిక్ తీసి చూడటం

మెకానిక్కులు దీన్ని గేజ్ అంటారు, ఇంకొందరు ఆయిల్ పుల్ల అంటారు. ఇంజిన్ పక్కన సన్నని గొట్టంలోకి దిగి ఉంటుంది. పైన వేలు పట్టేంత రింగు ఉంటుంది. పాత బండిలో మట్టి, జిడ్డు పట్టి కనిపించకపోవచ్చు.

1. పుల్ల తీసే ముందే గొట్టం మూతి చుట్టూ ఉన్న దుమ్ము తుడవండి. ఇది చాలామంది చేయరు. తీశాక తుడిస్తే ఆ ఇసుక గొట్టంలో పడుతుంది.

2. పుల్ల బయటికి లాగండి. ఈ మొదటి లెవెల్‌ను నమ్మకండి. బండి కదిలినప్పుడు ఎగిరిన ఆయిల్ గొట్టం గోడలకు అంటి, పుల్లకు పూసుకుని ఉంటుంది.

3. కొన నుంచి రింగు దాకా బట్టతో శుభ్రంగా తుడవండి.

4. పుల్లను మళ్లీ పూర్తిగా లోపలికి దింపండి. పైన బిరడా గొట్టం మీద ఆనుకోవాలి. మధ్యలో పట్టేస్తే బలవంతం చేయకుండా కొంచెం తిప్పి దింపండి.

5. రెండు మూడు సెకన్లు ఆగి నిదానంగా లాగండి. కొన కిందికే ఉండనివ్వండి. పైకి తిప్పితే ఆయిల్ రింగు వైపు పారి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది.

6. రెండు వైపులా చూడండి. ఒక వైపు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ కనిపిస్తే తక్కువ ఉన్నదే లెక్క. ఎక్కువ కనిపించేది గొట్టానికి రాసుకున్న ఆయిల్.

7. అనుమానం ఉంటే మళ్లీ తుడిచి ఇంకోసారి చూడండి. రెండుసార్లు ఒకే చోట గీత పడాలి.

పుల్ల మీద రెండు గుర్తులుంటాయి. మిన్, మాక్స్ అని గానీ, ఎల్, ఎఫ్ అని గానీ, రెండు గాట్లు లేదా రంధ్రాలు గానీ ఉండవచ్చు. రెండింటి మధ్య ఎక్కడున్నా ఇంజిన్‌కు ఇబ్బంది లేదు. సగానికి పైన ఉంటే పోయాల్సిన పని లేదు. దూరపు కిరాయి ఉన్నప్పుడు, సగానికి కిందికి వస్తే కొంచెం పోసుకోవచ్చు. మిన్ దగ్గరికి వస్తే పోయాలి. మిన్ కింద ఉంటే పోసేదాకా స్టార్ట్ చేయకండి.

ఆయిల్ కొత్తగా మార్చినప్పుడు తేనె రంగులో ఉండి గీత సరిగా కనబడదు. పుల్లను తెల్ల కాగితం మీద ఆనించండి. ఎక్కడి దాకా మరక పడిందో అక్కడి దాకా ఆయిల్ ఉన్నట్టు.

పాత బండి కదా, పుల్ల మీదే అనుమానం పెట్టుకోవాల్సిన సందర్భాలు ఉన్నాయి. విరిగిపోతే వేరే బండి పుల్ల పెట్టి ఉండవచ్చు. పైన రబ్బరు అరిగిపోయి పుల్ల ఉండాల్సిన దానికంటే లోతుగా దిగుతుండవచ్చు. అప్పుడు ఆయిల్ తక్కువున్నా సరిపోయినట్టు చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు దీన్ని ఒకసారి పరీక్షించాలి. పద్ధతి 8వ భాగంలో ఉంది.

## 5. పుల్ల మీది ఆయిల్ ఏం చెబుతోంది

లెవెల్ చూడటంతో ఆపకండి. ఒక చుక్కను తెల్ల కాగితం మీద వేయండి, వాసన చూడండి, గ్లోవ్స్ వేసుకున్న వేళ్ల మధ్య రుద్దండి.

నల్లగా ఉంది. డీజిల్ ఇంజిన్లో ఇది మామూలే. మార్చిన కొద్ది రోజులకే నలుపు తిరుగుతుంది. మసి ఆయిల్‌లోకి వస్తోందంటే ఆయిల్ తన పని చేస్తున్నట్టే. రంగు చూసి మార్చకండి, కిలోమీటర్లు చూసి మార్చండి.

పాలు కలిపిన కాఫీ రంగులో ఉంది. నీళ్లు కలిశాయి. హెడ్ గ్యాస్కెట్ పోయి గానీ, ఆయిల్ కూలర్ లీకై గానీ రేడియేటర్ నీళ్లు ఆయిల్‌లోకి వస్తున్నాయి. బండి స్టార్ట్ చేయకండి, లాగించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. పుల్ల మీద ఆయిల్ బాగుండి, పైన పోసే మూత లోపల మాత్రమే తెల్లటి నురగ ఉంటే అంత కంగారు అక్కర్లేదు. చలికాలంలో దగ్గర దగ్గర ట్రిప్పులు తిరిగే బండికి ఆవిరి వల్ల అలా వస్తుంది. తుడిచేసి, ఒక దూరపు ట్రిప్పు తర్వాత మళ్లీ చూడండి. ఈలోగా రేడియేటర్ నీళ్లు తగ్గుతున్నాయేమో కూడా గమనించండి.

డీజిల్ వాసన, పలచగా ఉంది, లెవెల్ పెరిగింది. మీరు పోయకుండా ఆయిల్ పెరగడం మంచి వార్త కాదు. ఇంజెక్టరు కారడం లాంటి కారణంతో డీజిల్ కలుస్తోంది. పలచబడిన ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలవదు. కారణం కనుక్కుని బాగు చేయించి, ఆయిల్ మార్చాలి.

వేళ్ల మధ్య గరుకుగా, మెరిసే రవ్వలుగా ఉంది. లోపల లోహం అరుగుతోంది. పైపైన ఆయిల్ పోసి నడపకండి.

## 6. పోయడం

ఇక్కడ ఓపిక కావాలి. పోసిన ఆయిల్ చాంబర్ దాకా దిగడానికి టైమ్ పడుతుంది. పాత ఇంజిన్లో పైన మడ్డి పేరుకుని ఉంటే ఇంకా నెమ్మది.

1. పోసే మూత ట్యాపెట్ కవర్ మీద ఉంటుంది. దాని మీద ఆయిల్ డబ్బా బొమ్మ గానీ ఇంజిన్ ఆయిల్ అనే మాట గానీ ఉందేమో చూడండి. బానెట్ కింద రేడియేటర్, బ్రేక్ ఆయిల్, పవర్ స్టీరింగ్ మూతలు కూడా ఉంటాయి. తొందరలో, చీకట్లో ఒకదాని బదులు ఇంకోటి తెరిచినవాళ్లు ఉన్నారు.

2. మూత చుట్టూ తుడిచాక తీసి, కనబడే చోట పెట్టండి. ఇంజిన్ మీద పెట్టి మరిచిపోతే దారిలో పడిపోతుంది, ఆయిల్ బయటికి చిమ్ముతుంది.

3. గరాటు పెట్టి పావు లీటరు కొలిచి, నిదానంగా పోయండి.

4. ఐదు నిమిషాలు ఆగండి.

5. పుల్ల తుడిచి, పెట్టి, తీసి చూడండి.

6. ఇంకా కావాలంటే మరో పావు లీటరు. మళ్లీ ఐదు నిమిషాలు. ఇలాగే సాగాలి.

7. మాక్స్ గీతకు కొంచెం కింద ఉండగానే ఆపేయండి. గీతకు సరిగ్గా ఆనించాలనే పట్టుదల వద్దు. అక్కడికి చేర్చబోయి దాటించేవాళ్లే ఎక్కువ.

8. మూత గట్టిగా బిగించండి, పుల్ల పూర్తిగా దించండి, గరాటు, బట్ట, డబ్బా బయటికి తీశారో లేదో లెక్క పెట్టుకోండి. ఒలికిన ఆయిల్ తుడిచేయండి. వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే పొగ వస్తుంది, బట్ట పడితే మంట అంటుకోవచ్చు.

9. ఒక నిమిషం స్టార్ట్ చేసి, ఆపి, పది నిమిషాల తర్వాత చివరిసారి చూడండి.

దారిలో ఆయిల్ తగ్గి, మీరు వాడే బ్రాండు దొరకలేదనుకోండి. అదే గ్రేడ్, అదే ఏపీఐ ఉన్న ఇంకో కంపెనీ డీజిల్ ఇంజిన్ ఆయిల్ కలపవచ్చు. మిన్ కింద నడపడం కంటే అది ఎంతో నయం. గేర్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్ మాత్రం ఏ పరిస్థితిలోనూ పోయకండి. ఇంట్లో ట్రాక్టర్ కోసం తెచ్చిన 20డబ్ల్యూ-40 ఉందని అదే అలవాటుగా పోయడమూ సరికాదు. అత్యవసరంలో పోసినా, తర్వాత సరైన గ్రేడ్‌కు మారండి.

## 7. ఎక్కువ పోసేస్తే

"ఎక్కువుంటే మంచిదే కదా" అనే మాట చాలా చోట్ల విన్నాను. కాదు. గీత బాగా దాటితే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్ (ఇరుసు) ఆయిల్‌ను కొట్టి నురగ చేస్తుంది. పంపు ఆ నురగను లాగితే బేరింగులకు ఆయిల్ బదులు గాలి అందుతుంది. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఇంకో ప్రమాదం ఉంది. బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) ద్వారా ఆయిల్, ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి పోతే, ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా మండించుకుని తాళం తీసినా ఆగకుండా వేగం పెరిగిపోవచ్చు.

మాక్స్ మీద బియ్యపు గింజంత దాటితే కంగారు పడక్కర్లేదు. అంతకంటే ఎక్కువుంటే తీయాలి.

- సులువైన దారి: పుల్ల గొట్టంలోకి సన్నని ప్లాస్టిక్ ట్యూబ్ దించి, పెద్ద సిరంజితో లేదా చేతి పంపుతో లాగండి. డీజిల్ లాగినట్టు నోటితో పీల్చకండి.
- రెండో దారి: చల్లబడ్డ ఇంజిన్ కింద పళ్లెం పెట్టి, చాంబర్ నట్టు (తొట్టి అడుగున ఆయిల్ దింపే నట్టు) కొంచెం వదులు చేసి, కావలసినంత కారాక బిగించడం. నట్టు పూర్తిగా ఊడి చేతిలోకి వస్తే ఆయిల్ అంతా పోతుంది. అలవాటు లేనివాళ్లు మొదటి దారే పట్టండి.

## 8. ఆయిల్ మార్చినప్పుడు నింపే వరస, పుల్లను పరీక్షించడం

పికప్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలామందికి జాకీ లేకుండానే చాంబర్ నట్టు అందుతుంది. జాకీ వేయాల్సి వస్తే, ఒక్క జాకీనే నమ్మి కిందికి దూరవద్దు. గట్టి స్టాండు ఉండాలి.

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ దింపండి. మరుగుతున్నప్పుడు వద్దు, చెయ్యి కాలుతుంది. నట్టుకు కొత్త వాషర్ వేయండి. చేత్తో నాలుగైదు చుట్లు తిప్పాకే స్పానర్ పెట్టండి. మొదటి నుంచీ స్పానర్‌తో తిప్పితే మరలు తప్పుతాయి, చాంబర్ మరలు పోతే ఖర్చు పెద్దది. చుట్టి బిగించే ఫిల్టర్ అయితే, పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి పడితే స్టార్ట్ చేయగానే ఆయిల్ చిమ్ముతుంది. కొత్త రబ్బరుకు ఆయిల్ రాసి, ఆనుకున్నాక చేత్తో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు.

ఈ తరగతి ఇంజిన్లకు సాధారణంగా 5 నుంచి 7 లీటర్ల మధ్య పడుతుంది. మీ మాన్యువల్ అంకె ఎంతో, దానికి ఒక లీటరు తక్కువగా ముందు పోయండి. పది నిమిషాలాగి చూడండి. పుల్ల మిన్ పైన చూపిస్తే స్టార్ట్ చేసి, రేస్ ఇవ్వకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఎర్ర లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపండి. ఆరితే ఫిల్టర్ నిండినట్టే. కింద కారడం ఉందేమో చూసి, ఆపి, పది నిమిషాలాగి మళ్లీ పుల్ల చూడండి. ఫిల్టర్ కొంత తాగింది కాబట్టి లెవెల్ తగ్గి ఉంటుంది.

ఇప్పుడు పుల్లను పరీక్షించడానికి మంచి అవకాశం. లెవెల్ సరిగ్గా మిన్ దగ్గరికి వచ్చేలా కొంచెం పోయండి. అక్కడి నుంచి పావు లీటరు చొప్పున కొలిచి, ఆగి, చూస్తూ మాక్స్ దాకా వెళ్లండి. ఎన్ని పావులు పట్టిందో రాసుకోండి. మీ పుల్ల మీద మిన్‌కు, మాక్స్‌కు మధ్య ఎంత ఆయిల్ ఉందో అదే జవాబు. ఇకపై సగం తగ్గితే ఎంత పోయాలో ఎవరినీ అడగక్కర్లేదు.

మాన్యువల్ చెప్పిన మొత్తం పోసినా పుల్ల మాక్స్‌కు దూరంగా ఉంటే, లేదా లీటరు మిగిలి ఉండగానే మాక్స్ దాటితే పుల్ల ఈ బండిది కాకపోవచ్చు. పాత ఆయిల్ పూర్తిగా దిగిందా, ఫిల్టర్ మార్చారా అని ఒకసారి సరిచూసుకుని, సరైన పుల్ల కొని వేయండి.

## 9. ఎర్ర లైటు గురించి

డాష్‌బోర్డులో ఆయిల్ డబ్బా ఆకారంలో వెలిగే ఎర్ర లైటు ఆయిల్ ఎంతుందో చెప్పదు. ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని చెబుతుంది. అది నడుస్తుండగా వెలిగిందంటే బేరింగులకు ఆయిల్ అందడం లేదు. టర్బో ఉన్న బండిలో దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది. పక్కకు తీసి, వెంటనే ఇంజిన్ ఆపేయండి. "బంకు రెండు కిలోమీటర్లే కదా" అని నడిపిన ఇంజిన్లు సీజ్ అయ్యాయి. ఆయిల్ లెవెల్ చూడండి, తక్కువుంటే పోయండి. లెవెల్ సరిగానే ఉండి లైటు వెలుగుతుంటే స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలవండి.

పాత బండ్లలో ఇంకో ముఖ్యమైన పరీక్ష: తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా చూడండి. లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు, వైరు, స్విచ్చు ఏదో పోయింది. అంటే రేపు నిజంగా ప్రెజర్ పడిపోయినా మీకు తెలియదు. చిన్న ఖర్చుతో అయ్యే పని ఇది, వాయిదా వేయకండి.

ఘాటు మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు క్షణం వెలిగి ఆరితే లెవెల్ బాగా తక్కువుందని అర్థం. ఇంజిన్ బాగా కాగాక ఐడిల్‌లో మిణుకుమంటే ఆయిల్ పలచబడి ఉండవచ్చు, బేరింగులు అరిగి ఉండవచ్చు, స్విచ్చే పాడై ఉండవచ్చు. ప్రెజర్ మీటరు పెట్టి చూపించుకోండి. చిక్కటి ఆయిల్ పోసి లైటు ఆర్పడం బాగుచేయడం కాదు.

## 10. ఆయిల్ ఎక్కడికి పోతోంది

పాత ఇంజిన్ కొంత ఆయిల్ తాగుతుంది. ఎంత తాగుతోంది, అది పెరుగుతోందా అన్నదే చూడాలి. మిన్, మాక్స్ మధ్య ఆయిల్ అంతా వెయ్యి కిలోమీటర్ల లోపే పోతుంటే నేనైతే మెకానిక్‌కు చూపిస్తాను.

రాత్రి ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరచండి. ముందు చక్రాల స్థానం అట్ట మీద గీసుకోండి. పొద్దున చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే లీకు ఏ వైపుందో తెలుస్తుంది. ముందు పుల్లీ దగ్గరైతే ముందు సీలు. ఇంజిన్, గేర్ బాక్సు కలిసే చోటైతే వెనక సీలు, దానికి గేర్ బాక్సు దించాలి. పైనుంచి పక్కగా జారుతుంటే ట్యాపెట్ కవర్ గ్యాస్కెట్, ఇది తక్కువ ఖర్చు పని.

కింద చుక్క లేకుండా తగ్గుతుంటే మండిపోతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే కొద్దిసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వు సీళ్ల మీద అనుమానం. లోడు లాగేటప్పుడు నీలం పొగ వదలకుండా వస్తుంటే రింగులు. టర్బో నుంచి వెళ్లే గాలి గొట్టం లోపల తడి బాగా ఉంటే టర్బో కూడా చూపించండి. నల్ల పొగ డీజిల్ సంబంధం, దానికి ఆయిల్‌ను తప్పుపట్టకండి.

## 11. బండిలో ఉంచుకునే పుస్తకం

డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను పెట్టండి. ఆయిల్ చూసిన ప్రతిసారీ, పోసిన ప్రతిసారీ ఒక లైను చాలు:

- తేదీ
- కిలోమీటర్లు
- పుల్ల మీద ఎక్కడుంది (ముప్పావు, సగం, పావు)
- ఎంత పోశారు
- ఏ ఆయిల్

రోజూ తిరిగే బండికి వారానికి రెండుసార్లు, దూరపు కిరాయికి బయలుదేరే ప్రతిసారీ చూడండి. సీజన్లో రాత్రీ పగలూ తిరిగేటప్పుడు రోజూ చూడండి. బండికి ఇద్దరు డ్రైవర్లు ఉంటే ఈ పుస్తకం ఇంకా అవసరం. ఒకరు పొద్దున పోసింది తెలియక ఇంకొకరు సాయంత్రం మళ్లీ పోస్తారు.

## 12. దింపిన పాత ఆయిల్

కాలిన ఆయిల్‌ను చెదలు పట్టకుండా గుంజలకు పూయడం, పశువుల కొట్టం వాకిట్లో దుమ్ము లేవకుండా చల్లడం మన దగ్గర అలవాటు. దయచేసి మానండి. అది వానకు కొట్టుకుపోయి బావిలోకి, చెరువులోకి చేరుతుంది. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వాడిన ఆయిల్ కూడా వస్తుంది.

మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, నీళ్లు, డీజిల్, రేడియేటర్ కూలెంట్ కలపకుండా ఉంచండి. దాని మీద 'పాత ఆయిల్' అని పెద్ద అక్షరాలతో రాయండి, పిల్లలకు అందకుండా పెట్టండి. పాత ఆయిల్‌ను రీసైక్లింగ్‌కు పంపే వర్క్‌షాపులో ఇచ్చేయండి. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి, కారిన ఆయిల్‌ను కూడా ఆ డబ్బాలోనే కలపండి.